64 నోడ్ల క్లస్టర్‌కు ఇన్ఫినీబ్యాండ్ వేయడం: లెక్క, కేబుళ్లు, పరీక్ష

అనేక కంప్యూటర్లను (నోడ్లను) కలిపి ఒకే మెషీన్‌లా వాడే క్లస్టర్‌లో ఎన్ని కోర్లున్నాయో కొనుగోలు కాగితం చూస్తే తెలుస్తుంది. ఆ కోర్ల మధ్య డేటా ఎంత వేగంగా నడుస్తోందో తెలియాలంటే ర్యాకు వెనక్కి వెళ్లాలి. ఒక కేబుల్ సగం వేగంతో పైకి వచ్చినా ఎర్ర దీపం వెలగదు, ఏ ప్రోగ్రామూ ఆగిపోదు. 64 నోడ్ల మీద నడిచే ఎంపీఐ జాబ్ (నోడ్లు ఒకదానికొకటి సందేశాలు పంపుకుంటూ చేసే పని) మాత్రం ప్రతి అడుగులోనూ ఆ ఒక్క నోడ్ కోసం ఎదురుచూస్తుంది. అందుకే ఇన్ఫినీబ్యాండ్ (నోడ్ల మధ్య వేగంగా డేటా నడిపే నెట్‌వర్క్) వేయడంలో సగం పని కేబుల్ పెట్టడమైతే, మిగతా సగం ప్రతి లింకూ అనుకున్న వేగంతోనే ఉందని రుజువు చేసుకోవడం. ఈ రెండో సగం పూర్తయ్యేదాకా మెషీన్‌ను వాడేవాళ్లకు అప్పగించకండి.

ఇక్కడ తీసుకున్న కొలత 64 కంప్యూట్ నోడ్లు, 4 స్టోరేజ్ సర్వర్లు, 2 లాగిన్ నోడ్లు. ఇన్ఫినీబ్యాండ్ తరం హెచ్‌డీఆర్. కార్డులు కనెక్ట్ఎక్స్-6, స్విచ్‌లు 40 పోర్టుల క్వాంటమ్ క్యూఎం8700. దీని తర్వాతి ఎన్‌డీఆర్ తరంలో స్విచ్ మీద 32 కేజ్‌లు (కేబుల్ దూర్చే గూళ్లు), వాటిలో 64 పోర్టులు ఉంటాయి. అంకెలు మారతాయి కానీ లెక్క వేసే తీరు ఇదే. కమాండ్ల పేర్లు పలికినట్టే రాశాం. టైప్ చేసేటప్పుడు అన్నీ చిన్న అక్షరాలే.

ముందు కాగితం మీద

ఇన్ఫినీబ్యాండ్‌లో పోర్టు వేగం అంటే మామూలుగా నాలుగు లేన్ల (సమాంతర డేటా దారుల) మొత్తం. సెకనుకు క్యూడీఆర్ 40, ఎఫ్‌డీఆర్ 56, ఈడీఆర్ 100, హెచ్‌డీఆర్ 200, ఎన్‌డీఆర్ 400 గిగాబిట్లు. హెచ్‌డీఆర్‌లో ఒక్కో లేన్ 50 మోస్తుంది కాబట్టి రెండు లేన్లు వాడితేనే 100 వస్తుంది. దాన్ని హెచ్‌డీఆర్100 అంటారు. స్విచ్ మీది ఒక కేజ్‌ను రెండుగా చీల్చి, వై ఆకారపు స్ప్లిటర్ కేబుల్‌తో రెండు నోడ్లకు చెరో 100 ఇవ్వొచ్చు. 40 కేజ్‌ల స్విచ్ అలా 80 పోర్టుల స్విచ్ అవుతుంది. చిన్న క్లస్టర్‌కు డబ్బు మిగిల్చేది ఇదే.

మామూలు కంప్యూట్ నోడ్‌కు 200 అవసరమా? చాలామందికి అక్కర్లేదు. ఒక నోడ్‌లో నాలుగో ఎనిమిదో జీపీయూలు ఉంటే లెక్క వేరు. ప్రాసెసర్లు మాత్రమే ఉన్న నోడ్‌లో జాబ్‌ను వెనక్కి లాగేది ఎక్కువగా చిన్న సందేశాల ఆలస్యం. ఆ ఆలస్యం 100లోనైనా 200లోనైనా దాదాపు ఒకటే. స్టోరేజ్ సర్వర్లకు మాత్రం 200 ఇవ్వండి, ఎందుకంటే 64 నోడ్లూ ఒకేసారి ఫైళ్లు రాయడానికి వచ్చేది వాటి దగ్గరికే.

ఇప్పుడు స్విచ్‌ల లెక్క. ర్యాకుకు ఒకటి చొప్పున రెండు స్విచ్‌లు పెడదాం. ఒక్కో ర్యాకులో 32 కంప్యూట్ నోడ్లు, 1 లాగిన్, 2 స్టోరేజ్. కంప్యూట్‌కు 16 కేజ్‌లు, లాగిన్‌కు 1, స్టోరేజ్‌కు 2, మొత్తం 19. మిగిలిన వాటిలో 20 కేజ్‌లు రెండో స్విచ్‌కు వెళ్లే ట్రంక్‌కు పోతాయి, ఒకటి ఖాళీగా ఉంటుంది. కింద నుంచి రాగలిగేది 32 వందలు, ఒక వంద, రెండు 200లు కలిపి 3,700 గిగాబిట్లు. ట్రంక్ మోయగలిగేది 20 ఇంటూ 200, అంటే 4,000. ఒక ర్యాకులోని నోడ్లన్నీ ఒకేసారి రెండో ర్యాకుతో మాట్లాడినా దారి సరిపోతుంది.

రెండే లీఫ్ స్విచ్‌లు (నోడ్లు తగిలేవి) ఉన్నప్పుడు పైన స్పైన్ స్విచ్ (లీఫ్‌లను కలిపేది) పెట్టమని అమ్మేవాళ్లు సలహా ఇస్తుంటారు. అక్కర్లేదు. నేరుగా కలిపితే ఒక స్విచ్ ఖర్చూ, 20 కేబుళ్లూ, దారిలో ఒక మజిలీ తగ్గుతాయి. ఈ ఏర్పాటుకు ఉన్న లోటు ఒక్కటే, పెరగలేదు. మూడో లీఫ్ వచ్చిన రోజున ట్రంక్ మొత్తం విప్పాల్సిందే. రెండేళ్లలో 80 చివరలు (నెట్‌వర్క్‌కు తగిలే యంత్రాలు) దాటుతాయనుకుంటే మొదటిరోజే రెండు స్పైన్‌లు పెట్టి, ప్రతి లీఫ్ నుంచి ఒక్కో స్పైన్‌కు 10 కేబుళ్ల చొప్పున లాగండి. అప్పుడు నాలుగు లీఫ్‌ల దాకా, హెచ్‌డీఆర్100లో 160 చివరల దాకా పాత కేబుళ్లు కదపకుండా పెరగొచ్చు. దీన్నే ఫ్యాట్ ట్రీ అంటారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం చార్లెస్ క్లాస్ 1953లో చేసిన లెక్క దీనికి పునాది. సమాంతర కంప్యూటర్ల కోసం ఫ్యాట్ ట్రీ రూపాన్ని 1985లో ప్రతిపాదించినది చార్లెస్ లీజర్సన్. 40 పోర్టుల స్విచ్‌లతో రెండంతస్తుల్లో పూర్తి వేగంతో 800 చివరలు కలపొచ్చు, 36 పోర్టుల ఈడీఆర్ స్విచ్‌లతో 648. సూత్రం ఒకటే: పోర్టుల సంఖ్య వర్గంలో సగం.

డబ్బు తక్కువైతే కోత పెట్టాల్సింది ట్రంక్‌లోనే. జాబ్‌లు ఎక్కువగా 32 నోడ్లలోపే నడుస్తాయని తెలిస్తే ట్రంక్‌ను 10 కేబుళ్లకు దించినా ఇబ్బంది తక్కువ. అయితే ఆ మాట జాబ్‌లను నోడ్లకు పంచే షెడ్యూలర్‌కు కూడా చెప్పాలి. స్లర్మ్ అనే షెడ్యూలర్‌లో టోపాలజీ ప్లగిన్‌ను ట్రీగా పెట్టి, టోపాలజీ ఫైల్‌లో ఏ స్విచ్ కింద ఏ నోడ్లున్నాయో రాయండి. రాయకపోతే 16 నోడ్ల జాబ్‌ను కూడా అది ఎనిమిది ఇక్కడ, ఎనిమిది అక్కడ అని చీల్చి ట్రంక్ మీద పడేస్తుంది.

సామాను, వాటిలో చిక్కులు

హెచ్‌డీఆర్100 కార్డులు 66, హెచ్‌డీఆర్ 200 కార్డులు 4. స్ప్లిటర్ కేబుళ్లు ర్యాకుకు 17 చొప్పున 34. మామూలు హెచ్‌డీఆర్ కేబుళ్లు స్టోరేజ్‌కు 4, ట్రంక్‌కు 20. విడిగా రెండు స్ప్లిటర్లు, రెండు మామూలువి, ఒక కార్డు ఉంచుకోండి. విడి కేబుల్ చేతిలో లేకపోతే లోపం కేబుల్‌దా, కార్డుదా, స్విచ్‌దా తేల్చడానికే వారం పడుతుంది. లాగిన్ నోడ్ స్ప్లిటర్‌లో రెండో చివర ఖాళీగా మిగులుతుంది, దాన్ని కత్తిరించకండి, పరీక్షకు పనికొస్తుంది.

కార్డు పెట్టే పీసీఐ స్లాట్‌ను ముందే చూడాలి. మూడో తరం ఎక్స్16 స్లాట్ సెకనుకు 126 గిగాబిట్లు మోస్తుంది, ప్రోటోకాల్ ఖర్చు పోగా ఇంకా తక్కువ. నాలుగో తరం ఎక్స్16 అయితే 252. కాబట్టి 200 కార్డుకు నాలుగో తరం ఎక్స్16 తప్పనిసరి. 100 కార్డుకు మూడో తరం ఎక్స్16 గానీ నాలుగో తరం ఎక్స్8 గానీ చాలు. 100 కార్డు మూడో తరం ఎక్స్8లో పడితే 63కు మించి రాదు. కొన్ని మదర్‌బోర్డుల మీద స్లాట్ పొడవు ఎక్స్16 ఉంటుంది, లోపల తీగలు మాత్రం ఎక్స్8కే ఉంటాయి. మాన్యువల్లో బ్లాక్ డయాగ్రమ్ చూడండి, కంటితో స్లాట్ చూసి నమ్మకండి.

రెండు సాకెట్ల సర్వరైతే స్లాట్ ఏ ప్రాసెసర్‌కు చెందిందో కూడా ఆ బొమ్మలోనే ఉంటుంది. 64 నోడ్లలోనూ కార్డు ఒకే స్లాట్‌లో ఉండాలి. కొన్నిటిలో మొదటి ప్రాసెసర్ వైపు, కొన్నిటిలో రెండోదాని వైపు పెడితే తర్వాత కోర్లకు ప్రాసెస్‌లను కట్టేటప్పుడు ఒక్కో నోడ్ ఒక్కోలా ప్రవర్తిస్తుంది.

కేబుళ్లలో రాగివి చవక, కరెంటు తినవు, చెడిపోయేదీ తక్కువే. హెచ్‌డీఆర్ వేగంలో మాత్రం 2 మీటర్లు దాటితే మామూలు (పాసివ్) రాగి కుదరదు. ఈడీఆర్‌లో అలవాటైన 3 మీటర్ల కేబుల్ ఇక్కడ పనికిరాదు. అంతకు మించితే రెండు చివరలా ట్రాన్సీవర్లు అతికించి వచ్చే ఆప్టికల్ ఏఓసీ కేబుల్ కొనాలి. ర్యాకులో స్విచ్‌ను పైన కాకుండా మధ్యలో పెట్టమనేది ఈ 2 మీటర్ల కోసమే. 42 యూనిట్ల ర్యాకులో మధ్య నుంచి చివరి నోడ్‌కు నిలువు దూరం మీటరు లోపే. పక్కకు తిప్పి, కొంచెం వదులు ఉంచినా 2 మీటర్లలో సరిపోతుంది. దగ్గరి నోడ్లకు 1 మీటరు, ఒకటిన్నర మీటర్లవి తీసుకోండి. అన్నిటికీ 2 మీటర్లవే కొంటే మిగిలిన పొడవంతా ర్యాకు వెనక చుట్టలుగా చేరి వేడిగాలికి అడ్డు పడుతుంది. ఆర్డర్ ఇచ్చే ముందు నైలాన్ తాడుతో కేబుల్ వెళ్లే దారినే కొలవండి. ట్రంక్ విషయంలో రెండు ర్యాకులు ఆనుకుని ఉండి, స్విచ్‌లు ఒకే ఎత్తులో ఉంటే 2 మీటర్ల రాగి అందవచ్చు. అందినా బిగుసుకుని లాగుతుంటే వద్దు, ఆ 20కి ఏఓసీ తీసుకోండి.

స్విచ్ ఆర్డర్‌లో చాలామంది చూడనిది గాలి దిశ. సర్వర్లు ముందు నుంచి చల్లగాలి పీల్చి వెనక్కి వదులుతాయి. వాటి ఇన్ఫినీబ్యాండ్ పోర్టులు వెనక ఉంటాయి కాబట్టి స్విచ్ పోర్టులను కూడా ర్యాకు వెనక వైపుకే పెడతాం. అప్పుడు స్విచ్ పవర్ సప్లై వైపు ముందుకు వస్తుంది. గాలి పవర్ వైపు నుంచి కనెక్టర్ వైపుకు పోవాలి, దాన్ని పీ2సీ అంటారు. మోడల్ చివర హెచ్ఎస్2ఎఫ్ అని ఉంటే అదే. హెచ్ఎస్2ఆర్ అని ఉంటే తిరగబడ్డ దిశ. అది సర్వర్లు వదిలిన వేడిగాలినే పీల్చి లోపలికి తోస్తుంది. ఏసీ ఆగిన ఏప్రిల్ మధ్యాహ్నం ముందుగా మొరాయించేది ఆ స్విచ్చే.

కేబుల్ పెట్టడం

స్విచ్‌లో స్ప్లిట్ మోడ్‌ను కేబుళ్ల కంటే ముందే ఆన్ చేయండి. ఇది రెండు అడుగుల పని. ముందు స్విచ్ ప్రొఫైల్‌ను స్ప్లిట్‌కు సిద్ధమయ్యేలా మార్చాలి, అందుకు స్విచ్ రీబూట్ అవుతుంది. తర్వాత ఏయే కేజ్‌లు చీలాలో ఒక్కొక్కటిగా చెప్పాలి. మన లెక్కలో ప్రతి స్విచ్‌లో 1 నుంచి 17. చీల్చని కేజ్‌లో స్ప్లిటర్ కేబుల్ పెడితే ఒక చివర మాత్రమే లేస్తుంది, రెండోది లేవదు. అది చూసి కేబుల్ పాడైందని వెనక్కి పంపేవాళ్లున్నారు.

పోర్టుల వరుసను నోడ్ల వరుసతో కలపండి. కేజ్ 1లో నోడ్ 1, 2. కేజ్ 2లో నోడ్ 3, 4. అలా కేజ్ 16లో 31, 32. పదిహేడులో లాగిన్, 18, 19లో స్టోరేజ్, 20 ఖాళీ. 21 నుంచి 40 దాకా ట్రంక్. ఇటు 21 అటు 21కే వెళ్లాలి, 22 నుంచి 22కే. తర్వాత వచ్చే జాబితాలో ఎక్కడ తప్పిందో ఒక్క చూపులో దొరకడానికే ఈ క్రమశిక్షణ. కేబుల్ రెండు చివర్లా లేబుల్ అంటించాలి, లేబుల్ మీద రెండు చివరల పేర్లూ ఉండాలి.

కనెక్టర్ లోపలికి వెళ్లాక టక్ మని చప్పుడు రావాలి. తర్వాత పుల్ ట్యాబ్‌ను ముట్టుకోకుండా, కనెక్టర్ ఒంటినే పట్టుకుని మెల్లగా వెనక్కి లాగి చూడండి, కదలకూడదు. సగం దిగిన కనెక్టర్ దీపం వెలిగించి మరీ మోసం చేస్తుంది. రాగి కేబుల్‌ను వంచేటప్పుడు వంపు వ్యాసార్థం కేబుల్ మందానికి పదింతలైనా ఉండనివ్వండి. ప్లాస్టిక్ టై బిగిస్తే లోపలి తీగల జంటలు నలుగుతాయి, వెల్క్రో పట్టీలే వాడండి. కేబుళ్ల బరువు కనెక్టర్ మీద వేలాడకుండా ప్రతి గుంపుకూ ఒక ఆధారం ఇవ్వాలి. ఫ్యాన్లు, పవర్ సప్లైలు బయటికి లాగడానికి దారి వదలండి.

సబ్‌నెట్ మేనేజర్

ఈథర్నెట్‌కు అలవాటైనవాళ్లు ఇక్కడే తడబడతారు. ఇన్ఫినీబ్యాండ్ స్విచ్ తనంతట తాను దారులు నేర్చుకోదు. నెట్‌వర్క్‌లో ఎక్కడో ఒకచోట సబ్‌నెట్ మేనేజర్ నడుస్తూ, ప్రతి పోర్టుకూ లిడ్ అనే చిరునామా ఇచ్చి, ప్రతి స్విచ్‌లోనూ దారుల పట్టిక నింపాలి. అది లేకపోతే పోర్టు స్థితి చూపే ఐబీస్టాట్ కమాండ్‌లో ఫిజికల్ స్టేట్ లింక్‌అప్ అనీ, స్టేట్ మాత్రం ఇనిషియలైజింగ్ అనీ కనిపిస్తుంది. ఆ రెండు మాటలూ కలిసి కనిపిస్తే కేబుల్ జోలికి పోకండి, మేనేజర్ నడుస్తోందా చూడండి.

క్యూఎం8700 లోపలే మేనేజర్ ఉంటుంది. దాని తోబుట్టువు క్యూఎం8790లో ఉండదు. మా సిఫారసు రెండు లాగిన్ నోడ్ల మీద ఓపెన్ఎస్ఎం (సబ్‌నెట్ మేనేజర్ ప్రోగ్రామ్) నడపడం, స్విచ్‌లలోని మేనేజర్లను ఆపేయడం. లాగ్ చదవడం, సెట్టింగ్ మార్చడం అప్పుడు మామూలు లినక్స్ పని అవుతుంది. ప్రాధాన్య సంఖ్య 0 నుంచి 15 దాకా ఉంటుంది. ఒక లాగిన్ నోడ్‌కు 14, రెండోదానికి 10 ఇవ్వండి. రెండిటి సెట్టింగ్ ఫైళ్లూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉండాలి, లేకపోతే మొదటిది పడిపోయి రెండోది పగ్గాలు తీసుకున్న రాత్రి నెట్‌వర్క్ స్వభావమే మారుతుంది. ప్రాధాన్యాలు సమానమైతే చిన్న జీయూఐడీ (ప్రతి కార్డుకూ స్విచ్‌కూ ఉండే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) ఉన్నది గెలుస్తుంది. అలా ఒక కంప్యూట్ నోడ్‌లో ఎవరో పొరపాటున ఆన్ చేసిన ఓపెన్ఎస్ఎం కూడా పెత్తనానికి రావచ్చు. కంప్యూట్ నోడ్ల ఇమేజ్‌లో ఆ ప్యాకేజీ అసలు ఉండనివ్వకండి. ఎవరు మాస్టరో ఎస్ఎంఇన్ఫో చెబుతుంది.

దారులు వేసే పద్ధతిని మార్చకపోతే మిన్‌హాప్ నడుస్తుంది. రెండు స్విచ్‌ల ఏర్పాటుకు అదే సరైనది. స్పైన్‌లు పెట్టినవాళ్లు అప్‌డౌన్ గానీ ఎఫ్‌ట్రీ గానీ ఎంచుకుని, స్పైన్ స్విచ్‌ల జీయూఐడీలను రూట్ ఫైల్‌లో రాయాలి. ఇన్ఫినీబ్యాండ్‌లో అవతల బఫర్‌లో చోటుందని తెలిశాకే ప్యాకెట్ బయలుదేరుతుంది. దారులు చక్రంలా తిరిగితే ఒకరి చోటు కోసం ఒకరు ఎదురుచూస్తూ అంతా నిలిచిపోయే ప్రమాదం ఉంది. పైకెక్కి ఒక్కసారే కిందికి దిగాలనే నియమంతో అప్‌డౌన్ ఆ చక్రాన్ని తప్పిస్తుంది.

డ్రైవర్ల విషయంలో ఒకటే నియమం. లినక్స్ పంపిణీతో వచ్చే ఆర్‌డీఎంఏ-కోర్ వాడండి, లేదా తయారీదారు ఇచ్చే ఓఫెడ్ వాడండి, రెండూ కలపకండి. ఓఫెడ్ ఎంచుకుంటే కెర్నల్ తనంతట తాను అప్‌డేట్ కాకుండా తాళం వేయండి. కార్డుల ఫర్మ్‌వేర్ వెర్షన్ అన్ని నోడ్లలోనూ ఒకటే ఉండాలి, ఐబీవీ_డెవ్‌ఇన్ఫోలో కనిపిస్తుంది.

పరీక్ష, కింది నుంచి పైకి

అడుగులు ఈ వరుసలోనే వెయ్యండి. పై మెట్టు మీద కనిపించిన లోపానికి కారణం చాలాసార్లు కింది మెట్టులో ఉంటుంది.

మొదట స్లాట్. ఎల్ఎస్‌పీసీఐని వివరంగా నడిపితే లింక్ స్టేటస్ వరుసలో నిజంగా కుదిరిన వేగం, వెడల్పు కనిపిస్తాయి. నాలుగో తరం అయితే 16 గిగాట్రాన్స్‌ఫర్లు, ఎక్స్16. పక్కనే లింక్ కేపబిలిటీ వరుస ఉంటుంది, అది కార్డు శక్తి మాత్రమే. చదవాల్సింది స్టేటస్‌ను. రెండూ తేడాగా ఉంటే కార్డు తీసి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టండి. రైజర్ కార్డు వదులుగా ఉండటం దీనికి తరచూ కారణం.

తర్వాత 70 యంత్రాల మీదా ఒకేసారి, క్లష్ లాంటి సాధనంతో, ఐబీస్టాట్. స్టేట్ యాక్టివ్, రేట్ 100 లేదా 200 ఉండాలి. పోలింగ్ అని ఉంటే అవతలి చివర దొరకలేదని అర్థం. కనెక్టర్ దిగలేదు, కేజ్ చీల్చలేదు, లేదా కేబుల్ తరం తప్పు.

మూడోది ఐబీలింక్ఇన్ఫో. ప్రతి స్విచ్ పోర్టుకూ ఒక వరుస వస్తుంది. చీల్చిన పోర్టులు 2ఎక్స్ 53.125 గిగాబిట్లుగా, ట్రంకూ స్టోరేజూ 4ఎక్స్ 53.125గా కనిపించాలి. ట్రంక్‌లో ఎక్కడైనా 2ఎక్స్ కనిపిస్తే రెండు లేన్లు చచ్చిపోయాయి, ఆ కేబుల్ సగం బరువే మోస్తోంది. ఇంతకంటే మంచి వేగం సాధ్యమేనని కమాండ్ తానే వరుస చివర రాస్తుంది, ఆ హెచ్చరిక ఉన్న వరుసలన్నీ వెతికి తీయండి. తర్వాత ఈ జాబితాను గీసుకున్న పటంతో పోల్చండి. అదృష్టవశాత్తూ పని చేస్తోందని తప్పుగా పెట్టిన కేబుల్‌ను వదిలేయకండి. స్విచ్‌లకు పేర్లు కనిపించాలంటే నోడ్ నేమ్ మ్యాప్ ఫైల్‌లో జీయూఐడీ, పేరు రాయాలి.

నాలుగోది ఎర్రర్ కౌంటర్లు. కేబుళ్లు పెడుతూ తీస్తూ ఉన్నప్పుడు చేరిన పాత లెక్కలకు అర్థం లేదు. ఐబీక్వెరీఎర్రర్స్‌తో వాటిని సున్నా చేయండి, ఒక రాత్రంతా ట్రాఫిక్ నడపండి, పొద్దున చూడండి. లింక్ డౌన్డ్, లింక్ ఎర్రర్ రికవరీ రెండూ సున్నా ఉండాలి. సింబల్ ఎర్రర్ కౌంటర్ 16 బిట్లది. 65535 దగ్గర ఆగిపోతుంది, తిరిగి మొదలవదు. ఆ అంకె కనిపిస్తే అసలు లెక్క దాన్ని ఎప్పుడో దాటిందని అర్థం. హెచ్‌డీఆర్‌లో తప్పులు దిద్దే ఎఫ్ఈసీ ఎప్పుడూ నడుస్తుంటుంది కాబట్టి ఎంఎల్ఎక్స్‌లింక్ చూపే రా బిట్ ఎర్రర్ రేటు సున్నా కాకపోవడం మామూలే. చూడాల్సింది దిద్దాక మిగిలిన ఎఫెక్టివ్ రేటు. అక్కడ 15ఈ-255 అనే విచిత్రమైన అంకె కనిపిస్తే కంగారు పడకండి, తప్పులేమీ లేవని చెప్పే తీరు అది.

కౌంటర్ పెరుగుతున్న లింక్ దొరికితే ఒకసారికి ఒక్కటే మార్చండి. ముందు అదే కేబుల్‌ను తీసి మళ్లీ పెట్టండి. తగ్గకపోతే విడి కేబుల్ వెయ్యండి. అప్పుడూ పెరుగుతుంటే ఖాళీగా ఉంచిన 20వ కేజ్‌కు మార్చండి. ఆ కేజ్‌లో స్ప్లిటర్ పెట్టాలంటే దాన్నీ చీల్చాలని మరవకండి. చివరికి కార్డు. కేబుల్, పోర్టు ఒకేసారి మారిస్తే సమస్య పోతుంది కానీ కారణం దొరకదు, పాడైన కేబుల్ విడి సామాను పెట్టెలోకి చేరుతుంది.

ఐదోది జంట జంటగా వేగం. ఐబీ_రైట్_బీడబ్ల్యూని గిగాబిట్లలో చూపమని అడిగి నడిపితే హెచ్‌డీఆర్100కు 96, 97 దాకా, హెచ్‌డీఆర్‌కు 195 పైన రావాలి. ఐబీ_రైట్_లాట్ ఒకే స్విచ్ మీద చిన్న సందేశానికి 1 మైక్రోసెకను పరిసరాల్లో చూపాలి. స్విచ్ మజిలీ ఒక్కోటి కలిపేది వంద నానోసెకన్ల పైచిలుకు మాత్రమే. అన్ని నోడ్లూ 97 చూపుతుంటే 88 చూపే నోడ్‌ను వదిలేయకండి. అలాంటిచోట పరీక్షను కార్డు ఉన్న సాకెట్‌కు న్యూమాసీటీఎల్‌తో కట్టి మళ్లీ నడపండి. అప్పుడు సరైతే నెట్‌వర్క్ తప్పు లేదు. అంకె ఒక్కోసారి ఒక్కోలా వస్తుంటే బయాస్‌లో పవర్ ప్రొఫైల్ చూడండి, కోర్లు మధ్యమధ్యలో నిద్రపోతుంటే ఆలస్యం ఎగుడుదిగుడుగా ఉంటుంది.

ఆరోది ట్రంక్. ఓఎస్‌యూ బెంచ్‌మార్క్‌లలో ఓఎస్‌యూ_ఎంబీడబ్ల్యూ_ఎంఆర్ మొదటి సగం ర్యాంకులను (ఎంపీఐ ప్రాసెస్‌లను) పంపేవాటిగా, రెండో సగాన్ని అందుకునేవాటిగా విడదీస్తుంది. హోస్ట్‌ఫైల్‌లో మొదటి ర్యాకులోని 32 నోడ్లు ముందు, రెండో ర్యాకులోవి తర్వాత రాసి, నోడ్‌కు ఒక ప్రాసెస్ చొప్పున నడిపితే ప్రతి బైటూ ట్రంక్ దాటక తప్పదు. పెద్ద సందేశాలకు జంటకు సెకనుకు 12 గిగాబైట్ల చొప్పున, మొత్తం 380 పైచిలుకు రావాలి.

అంత రాకపోతే కౌంటర్లు శుభ్రంగా ఉన్నా దారులు ఎగుడుదిగుడుగా పడి ఉండొచ్చు. మిన్‌హాప్ పద్ధతిలో దారి గమ్యాన్ని బట్టి ముందే ఖరారవుతుంది. ఒక నోడ్‌కు వెళ్లేదంతా ట్రంక్‌లోని ఒకే కేబుల్ మీద వెళ్తుంది. 35 గమ్యాలు 20 కేబుళ్ల మీద సర్దుకుంటే ఒక్కో కేబుల్‌కు ఒకటో రెండో పడతాయి, రెండు 100లు 200లో ఇముడుతాయి. ఒక కేబుల్‌కు మూడు పడితే అక్కడ నలుగుతుంది. ఐబీట్రేస్‌ఆర్‌టీతో ప్రతి గమ్యానికీ ఏ పోర్టు దారి ఇస్తోందో తీసి లెక్కపెట్టండి. కొన్ని నోడ్లు ఆఫ్‌లో ఉన్నప్పుడు మేనేజర్ మొదలై, అవి తర్వాత ఒక్కొక్కటిగా చేరితే ఇలా జరగవచ్చు. అన్నీ ఆన్‌లో ఉండగా ఓపెన్ఎస్ఎంను రీస్టార్ట్ చేసి మళ్లీ కొలవండి. 200 గమ్యమైన స్టోరేజ్ సర్వర్ మరో నోడ్‌తో కేబుల్ పంచుకోవడం మాత్రం ఈ ఏర్పాటులో పూర్తిగా తప్పించలేం.

పోర్ట్ ఎక్స్‌మిట్ వెయిట్ అనే కౌంటర్ కూడా ఇక్కడే పనికొస్తుంది. పంపడానికి ప్యాకెట్ ఉన్నా అవతల చోటు లేక ఆగిన సమయం అది. అన్ని ట్రంక్ పోర్టుల్లోనూ సమానంగా పెరిగితే బరువు ఎక్కువ, ఒకటి రెండిటిలోనే పెరిగితే సర్దుబాటు తప్పు. స్టోరేజ్ సర్వర్ వైపు వెళ్లే పోర్టులో పెరిగితే ఆ సర్వర్ అందుకోలేకపోతోంది.

హార్డ్‌వేర్ సరిగ్గా ఉన్నా నెమ్మదిగా ఉంటే

ఎంపీఐ చెప్పాపెట్టకుండా మామూలు ఈథర్నెట్ మీదికి జారిపోవడం అన్నిటికంటే తరచూ ఎదురయ్యేది. ఓఎస్‌యూ_లేటెన్సీ ఒకటి, ఒకటిన్నర మైక్రోసెకన్లు చూపాల్సింది పదుల్లో చూపుతుంది. బ్యాండ్‌విడ్త్ సెకనుకు 117 మెగాబైట్ల దగ్గర ఆగితే అది గిగాబిట్ ఈథర్నెట్ సంతకమే. ఓపెన్ ఎంపీఐలో పీఎంఎల్‌ను (సందేశాలు పంపే పొరను) యూసీఎక్స్ అనే లైబ్రరీకి ఖాయం చేసి, యూసీఎక్స్ రవాణాల జాబితాలో ఆర్‌సీ, ఎస్ఎం, సెల్ఫ్ మాత్రమే ఉంచండి. అప్పుడు ఇన్ఫినీబ్యాండ్ దొరకకపోతే జాబ్ నెమ్మదిగా నడవడానికి బదులు మొదట్లోనే చనిపోతుంది. మనకు కావాల్సింది అదే.

రెండోది మెమరీ లాక్ పరిమితి. కార్డు నేరుగా మెమరీలోకి రాస్తుంది కాబట్టి ఆ పేజీలను కదలకుండా లాక్ చేయాలి, లినక్స్ మామూలుగా ఇచ్చే పరిమితి అందుకు చాలదు. లిమిట్స్ ఫైల్‌లో మెమ్‌లాక్‌ను అన్‌లిమిటెడ్ చేస్తారు, ఎస్ఎస్‌హెచ్‌తో లోపలికి వెళ్లి చూస్తే అంతా బాగుంటుంది, స్లర్మ్ ద్వారా పంపిన జాబ్ మాత్రం మెమరీ రిజిస్టర్ కాలేదంటూ పడిపోతుంది. కారణం, నోడ్ మీద జాబ్‌లు నడిపే స్లర్మ్‌డీని సిస్టమ్‌డీ మొదలుపెడుతుంది, లిమిట్స్ ఫైల్ దానికి వర్తించదు. స్లర్మ్‌డీ సర్వీస్ ఫైల్‌లో లిమిట్ మెమ్‌లాక్‌ను ఇన్ఫినిటీ చేయండి. లాగిన్ నోడ్ పరిమితి జాబ్‌తో పాటు మోసుకురాకుండా స్లర్మ్ సెట్టింగుల్లో మెమ్‌లాక్‌ను మినహాయించండి.

ఇన్ఫినీబ్యాండ్ మీద ఐపీ నడిపి, దాని వేగం కొలిచి నిరాశపడేవాళ్లూ ఉంటారు. ఆ దారిలో కెర్నల్ ప్రతి ప్యాకెట్‌నూ ముట్టుకుంటుంది, 100 రాదు. దాన్ని ఫైళ్ల కాపీకీ చిన్నాచితకా సేవలకూ ఉంచి, ఎంపీఐని, వీలైతే స్టోరేజ్‌ను కూడా ఆర్‌డీఎంఏ (కెర్నల్ జోక్యం లేకుండా కార్డు నేరుగా మెమరీలోకి రాసే పద్ధతి) మీదే నడపండి.

అప్పగించే రోజున ఐబీలింక్ఇన్ఫో ఫలితాన్ని ఒక ఫైల్‌లో దాచండి. ప్రతి రాత్రీ క్రాన్‌తో మళ్లీ తీసి, వెడల్పు, వేగం, అవతలి చివర ఈ మూడిటినీ దాచినదానితో డిఫ్ చేయించి, తేడా వస్తేనే మెయిల్ వచ్చేలా పెట్టండి. మదర్‌బోర్డు మార్చడానికి ఇంజనీరు వచ్చి వెళ్లిన ప్రతిసారీ ఆ నోడ్‌కు స్లాట్ పరీక్ష నుంచి జంట పరీక్ష దాకా అన్నీ మళ్లీ నడపాలి. కార్డు మారితే జీయూఐడీ మారుతుంది కాబట్టి, పార్టిషన్ ఫైల్‌లో జీయూఐడీల వారీగా పేర్లు రాసుకున్నవాళ్లు రెండు లాగిన్ నోడ్లలోనూ దాన్ని దిద్దుకోవాలి.